రెండు వందల యాభై ఎవరి అంకె

రాష్ట్రం రెండుగా విడిపోయిన మూడో ఏడాది, ఏప్రిల్ మొదటి వారంలో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం అధిపతిగా చేరాను. అంతకుముందు ప్రభుత్వ సర్వీసులో అసిస్టెంట్ ప్రొఫెసరుగా మొదలై ప్రొఫెసరుగా పదవీ విరమణ చేశాను. అక్కడ నా దగ్గరికి వచ్చినవి ఎక్కువగా కాలిన గాయాలు, నూర్పిడి యంత్రాల్లో నలిగిన చేతులు, గ్రహణం మొర్రి కేసులు. ప్రైవేటులో రొమ్ముల పరిమాణం పెంచే శస్త్రచికిత్స, ముక్కు సరిచేయడం, పొట్ట తగ్గించడం ఎక్కువ. వీటిని చులకన చేసే డాక్టర్లు ఉన్నారు. నేను చేయలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంటి మీద కత్తి పెట్టేటప్పుడు జాగ్రత్త రెట్టింపు కావాలని నా అభిప్రాయం.

చేరేటప్పుడు యాజమాన్యానికి మూడు షరతులు రాసి ఇచ్చాను. ఇంప్లాంట్లు అమ్మే కంపెనీల ప్రతినిధులు నా ఓపీ ఉన్న అంతస్తులోకి రాకూడదు. ఆపరేషన్ నిర్ణయించే ముందు రోగితో, నర్సు తప్ప మరెవరూ లేకుండా, ఒక్కసారైనా మాట్లాడతాను. ఇక ఇంప్లాంట్ సైజు అంకెను రోగి తన చేత్తో కేస్ షీటులో రాసి, పక్కన సంతకం పెట్టాలి. మేనేజరు ఆఖరి షరతు చదివి, "ఇలా ఎక్కడా లేదు కదండీ," అన్నాడు. ఇక్కడ ఉంటుంది అన్నాను.

ఆ షరతులకు కారణం ఉంది. మా కుటుంబానికి ఒకప్పుడు దివిసీమ వైపు చెప్పుకోదగ్గ భూమి ఉండేది. మా తాతగారు, గుమాస్తా వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టారు. కాగితం చదివి సంతకం పెట్టడం అంటే గుమాస్తాను అవమానించడమని ఆయన అనుకున్నారు. మా నాన్నగారి కాలానికి ఇంటిపేరు ఒక్కటే మిగిలింది. ఇది జాలి కోసం చెప్పడం లేదు. మా ఇంట్లో ఎవరూ జాలి అడగలేదు. ఒకరి మాటను ఇంకొకరు పలికిస్తున్నారేమోనని కనిపెట్టి చూడటం నాకు పుట్టుకతో వచ్చిన అలవాటని చెప్పడానికే రాస్తున్నాను. వృత్తిలో ఆ అలవాటు నాకు చాలాసార్లు పనికొచ్చింది. ఒకసారి మాత్రం పక్కదారి పట్టింది.

నేను చేరిన మరుసటి ఏడాది ఏప్రిల్ ఆఖరి వారంలో శిరీష అనే ఆవిడ ఓపీకి వచ్చింది. వయసు ముప్ఫై ఒకటి. కూచిపూడి దగ్గర ఒక ఊరు. పామర్రులో ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ పాలిచ్చి మాన్పించాక రొమ్ములు పూర్తిగా జారి, చదునైపోయాయి. ఇది మా వృత్తిలో రోజూ వినే విషయమే. వింతగా తోచింది ఆమె వెంట వచ్చిన మనిషి. ఈ ఆపరేషన్‌కి కొందరు ఒంటరిగా వస్తారు, కొందరు స్నేహితురాలిని తెచ్చుకుంటారు. కొందరి భర్తలు కింద కారులోనే కూర్చుంటారు. శిరీష తన అత్తగారిని తీసుకొచ్చింది. కచ్చితంగా చెప్పాలంటే అత్తగారే ఆమెను తీసుకొచ్చారు.

రాజ్యలక్ష్మమ్మగారు యాభై ఐదేళ్ల మనిషి. గంజి పెట్టిన నేత చీర, చేతిలో పెద్ద గుడ్డ సంచి. కుర్చీలో కూర్చుంటూనే మొదలుపెట్టారు. "మా అమ్మాయికి ఒళ్లు అంతా బాగానే ఉందండీ డాక్టరుగారూ. బీపీ లేదు, షుగర్ లేదు. ఇదొక్కటే." అమ్మాయి ఏమంటుందో వినాలి కదా అన్నాను. "అంటుందండీ. కాస్త నిదానం మనిషి. పిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడు తప్ప గొంతు లేవదు."

అలాంటి చోట నేను కలం పక్కన పెట్టేస్తాను. కోడలికి రొమ్ముల ఆపరేషన్ చేయించాలని అత్తగారు తొందరపడటం నా సర్వీసులో అప్పటికి చూడలేదు. కొడుకు కోరిక తల్లి నోట వస్తోందని మనసులో రాసుకున్నాను.

ముందు కొలతలు తీసుకోవాలి. పాఠకులు ఇంప్లాంట్ సైజు అంటే చొక్కా సైజులాగా ఒక పట్టికలోంచి ఎంచుకునేదని అనుకుంటారు. అలా కాదు. మెడ కింది గుంట నుంచి చనుమొన వరకు, చనుమొన నుంచి రొమ్ము కింది మడత వరకు దూరం కొలుస్తాం. రొమ్ము అడుగు వెడల్పును కాలిపర్ అనే రెండు కాళ్ల పరికరంతో కొలుస్తాం. ఇంప్లాంట్ ఆ వెడల్పును దాటితే చంక వైపు పొడుచుకొస్తుంది, లేదా రెండూ మధ్యలో కలిసిపోతాయి. పైభాగంలో చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి మందం చూస్తాం. రెండు సెంటీమీటర్లకు తక్కువ ఉంటే అంచులు బయటికి తెలియకుండా ఇంప్లాంట్‌ను ఛాతీ కండరం కింద పెడతాం. నర్సింగ్ ఇన్‌ఛార్జి సిస్టర్ షాహిదా పక్కన ఉండగా ఇవన్నీ చేశాను. విజయవాడలో పుట్టి పెరిగిన మనిషి. ప్రభుత్వాసుపత్రి బర్న్స్ వార్డులో నాతో పదేళ్లు పనిచేసి, నా తరువాత ఇక్కడికి వచ్చింది. శిరీష అడుగు వెడల్పు పన్నెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. చర్మం పలుచన. అంటే కండరం కింద. సైజు రెండు వందల పాతిక నుంచి రెండు వందల డెబ్భై ఐదు సీసీల మధ్య.

సీసీ అంటే ఘనపరిమాణం, ఎం.ఎల్. అన్నా అంతే. రకం విషయంలో ఆమెకు మూడు సంగతులు చెప్పాను. లోపల చిక్కటి సిలికాన్ జెల్ ఉన్నదే వాడతాను. ఆకారం గుండ్రం, నీటిబొట్టు ఆకారం లోపల తిరిగిపోతే రొమ్ము వంకరవుతుంది. పైపొర నున్నటిది, గరుకు పొర ఉన్నవాటితో బహు అరుదుగా ఒక రకం లింఫ్ క్యాన్సర్ వస్తోందని అప్పటికే తెలుస్తోంది. ఒకే పరిమాణంలో వెడల్పుగా తక్కువ ఎత్తు ఉన్నవి, ఇరుకుగా ఎక్కువ ఎత్తు ఉన్నవి వేరువేరుగా వస్తాయి. ఆ ఎత్తును ప్రొఫైల్ అంటాం. ఆమెకు మధ్యరకం ప్రొఫైల్ చాలు. ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావని, ఎప్పుడో ఒకప్పుడు మార్చవలసి రావచ్చని కూడా చెప్పాను. ఆమె నోటు పుస్తకంలో రాసుకుంది.

తరువాత అత్తగారిని బయట కూర్చోమని, శిరీషను అడిగాను. ఇది ఎవరి కోరిక?

"నాదేనండీ."

మీవారు ఏమన్నారు?

"వద్దన్నారు. ఆయనకి అక్కర్లేదన్నారు. సూది చూస్తేనే కళ్లు తిరుగుతాయండీ ఆయనకి."

మరి మీ అత్తగారికి ఎందుకింత పట్టింపు?

ఆమె నోటు పుస్తకం మూసింది. "నాలుగేళ్ల నుంచి నేను పెళ్లిళ్లకి వెళ్లడం లేదండీ. జాకెట్టు వేసుకుంటే వదులు, లోపల దూది పెడితే జరిగిపోతుంది. ఒకసారి అన్నం వడ్డిస్తుంటే జరిగింది. అందరూ చూశారు. అత్తయ్యకి పెళ్లిళ్లంటే ఇష్టం. తోడు లేకుండా వెళ్లాల్సి వస్తోందని."

సమాధానం నమ్మదగినట్టే ఉంది. ఇంత చక్కగా అమరిన సమాధానాలను నేను ఒకటికి రెండుసార్లు చూస్తాను. కేస్ షీటు అంచున చిన్న ప్రశ్న గుర్తు పెట్టాను.

ఆపరేషన్ తేదీ మే రెండో వారంలో గురువారం. ఆమెకు ఆ తేదీ ఎందుకు ముఖ్యమో చెప్పాలి. ఇంప్లాంట్ కండరం కింద పెడితే నాలుగైదు వారాలు చెయ్యి భుజానికి పైకి ఎత్తకూడదు. లెక్కల టీచరు బోర్డు మీద రాయకుండా పాఠం చెప్పలేదు. స్కూళ్లు జూన్ మధ్యలో తెరుస్తారు. ప్రైవేటు స్కూలు నెల రోజులు సెలవు ఇవ్వదు; ఇస్తే ఆ స్థానంలో ఇంకొకరిని పెట్టుకుంటుంది. ఆ గురువారం తప్పితే ఆమెకు ఇంకో ఏడాది ఆగడమే.

సైజు తేల్చుకోవడానికి నేను వాడే పద్ధతి బియ్యం సంచి. మా గదిలో కంపెనీ ఇచ్చిన సిలికాన్ నమూనాలు ఉంటాయి, సైజర్లంటాం. వాటిని లోదుస్తుల్లో పెట్టుకుని అద్దం ముందు పది నిమిషాలు నిలబడితే ఎవరికైనా పెద్దవే బాగుంటాయి. వారం రోజులు ఇంట్లో మోస్తే అసలు సంగతి తెలుస్తుంది. పలుచని మేజోళ్లలో చెప్పినంత పరిమాణం బియ్యం పోసి, ముడి వేసి, లోపల పెట్టుకుని బస్సెక్కాలి, బట్టలుతకాలి, మెట్లెక్కాలి, అన్నం వడ్డించాలి. శిరీషకు మూడు జతలు చేసుకోమన్నాను. రెండు వందల పాతిక, రెండు వందల యాభై, రెండు వందల డెబ్భై ఐదు. రెండేసి రోజులు ఒక్కొక్కటి.

మే మొదటి వారంలో మళ్లీ వచ్చింది. మొదటి జత పెట్టుకున్నట్టే లేదట. మూడోది బరువుగా ఉందట, నడుస్తుంటే తెలుస్తోందట. రెండోది సరిపోయిందంది. "రెండు వందల యాభై అండీ. అది పెట్టుకుని మా మేనత్త కూతురి సీమంతానికి వెళ్లొచ్చాను. ఎవరూ కనిపెట్టలేదు," అంది. ఆ మాట అంటుంటే ముఖంలో మొదటిసారి వెలుగు చూశాను. కేస్ షీటులో తన చేత్తో రెండు వందల యాభై అని రాసి సంతకం చేసింది. లెక్కల టీచరు అంకె గదా, ముత్యంలా ఉంది. ఆర్డరు పెట్టాను.

ఇంప్లాంట్లను ఆపరేషన్‌కి ముందే తెప్పించుకుంటాం. అనుకున్న సైజు జత, దానికి అటూ ఇటూ ఒక్కో జత. వాడనివి సీలు తీయకుండా వెనక్కి పోతాయి. ఆ ఏరియా ప్రతినిధి రమణమూర్తి నలభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. నాకు ప్రతినిధులంటే పడదని తెలిసి ఎప్పుడూ కింద రిసెప్షన్‌లోనే కాగితాలు ఇచ్చి పోయేవాడు. సోమవారం ఫోన్ చేసి, రెండు వందల యాభై, దాని ముందుది, తరువాతిది గురువారానికి తెచ్చి ఇస్తానన్నాడు. చివర ఇంకో మాట అన్నాడు. తన దగ్గర మూడు వందలది, ఎక్కువ ప్రొఫైల్‌ది, ఒక జత ఉందని, గడువు కొద్ది నెలల్లో ముగుస్తుందని, ఎవరికైనా సరిపోతే గుర్తుపెట్టుకోమని. స్టెరిలైజేషన్ గడువు లోపల ఉన్నంతవరకు అలాంటి జత వాడటంలో తప్పు లేదు. కానీ ఆ మాట నా చెవిలో పడి ఉండిపోయింది.

మంగళవారం ఉదయం శిరీషను ఆఖరి పరీక్షకు పిలిచాను. పది గంటలకు లిఫ్టు దగ్గర నుంచి వస్తూ కిందికి చూస్తే, రిసెప్షన్ పక్క బెంచీ మీద రమణమూర్తి, రాజ్యలక్ష్మమ్మగారు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఆవిడ నవ్వుతున్నారు. ఆయన చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తున్నాడు. నేను ఆగకుండా నా గదికి వచ్చేశాను.

ఆఖరి పరీక్షలో, రాసిన అంకెకు సరిపోయే సైజర్లను పెట్టి రోగికి అద్దంలో ఒకసారి చూపిస్తాను. అది నాకు అలవాటుగా మిగిలిన తంతు. నూటికి తొంభై తొమ్మిది మంది తల ఊపి వెళతారు. సిస్టర్ షాహిదా రెండు వందల యాభై సైజర్లు అమర్చి పక్కకు జరిగింది. శిరీష అద్దంలో చూసింది. పక్కకు తిరిగి చూసింది. చేత్తో తాకింది.

"ఇవి కాదండీ," అంది.

ఏవి కాదు?

"ఇవి చిన్నవి. ఇంటి దగ్గర పెట్టుకున్నది ఇంతకన్నా పెద్దది."

సిస్టర్ సైజరు వెనక అచ్చు వేసిన అంకె చూపించింది. రెండు వందల యాభై. శిరీష ఆ అంకెను చూసి, అద్దాన్ని చూసి, "అంకె అదేనండీ. కానీ ఇది కాదు," అంది.

ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు, సంతకం పెట్టిన అంకెను రోగి పెద్దదిగా కోరుతోంది. అరగంట క్రితం ఆమె అత్తగారూ, గడువు తీరబోయే పెద్ద జతను వదిలించుకోవాలని చూస్తున్న ప్రతినిధీ ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నా మనసులో ఈ రెండూ కలవడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఎవరు చెప్పారు మీకు పెద్దది కావాలని, అని అడిగాను.

"ఎవరూ చెప్పలేదండీ."

మీ అత్తగారు కింద ఎవరితో మాట్లాడుతున్నారో మీకు తెలుసా?

"తెలీదండీ. అత్తయ్య బస్‌స్టాండులో కూడా పదిమందితో మాట్లాడతారు."

మూడు వందలు అన్న మాట మీతో ఎవరైనా అన్నారా?

ఆమె అప్పుడు తల ఎత్తి నా వైపు సూటిగా చూసింది. "లేదండీ. ఆ అంకె మొదటిసారి మీ నోటే వింటున్నాను."

ఆ మాట నాకు నచ్చలేదు. నిజం కాబట్టి నచ్చలేదని ఇప్పుడు రాయగలను. అప్పుడు మాత్రం అంకె ఎందుకు మారిందో తేలేవరకు గురువారం ఆపరేషన్ లేదని చెప్పాను. సిస్టర్‌ను థియేటరు జాబితాలోంచి పేరు తీసేయమన్నాను. కింద రిసెప్షన్‌కి ఫోన్ చేసి, రమణమూర్తిని ఇకమీద ఆసుపత్రి గడప తొక్కనివ్వొద్దన్నాను. శిరీష ఏడవలేదు. పైట సర్దుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, "గురువారం పోతే మళ్లీ వచ్చే వేసవే కదండీ," అంది. ప్రశ్న కాదది, లెక్క.

అప్పుడు తలుపు తోసుకుని రాజ్యలక్ష్మమ్మగారు వచ్చారు. బయట అంతా వినపడిందట.

"డాక్టరుగారూ, మీరు పోలీసు శాఖలో చేసి ఈ శాఖలోకి వచ్చారా?"

కూర్చోండి అన్నాను.

"కూర్చుంటానండీ. కూర్చోబెట్టి అడగండి. ఆ అబ్బాయి ఏం అమ్ముతాడో కూడా నాకు తెలీదు. ఏ ఊరని అడిగాను, మొవ్వ అల్లుడిని అన్నాడు. మొవ్వలో ఎవరింటి అల్లుడని అడిగితే, మా పెద్దమ్మ తోటికోడలి చెల్లెలి ఇంటికి తేలాడు. వరస కలిసింది. మాట్లాడకుండా ఎలా ఊరుకుంటామండీ?"

కృష్ణా జిల్లా మనుషులకు ఇద్దరు కలిస్తే ముందు వరస తేలాలి, తరువాతే తక్కిన పని. ఇది నాకు తెలియని సంగతి కాదు. అయినా వరస కలవడానికి, మాట కలపడానికి మధ్య దూరం తక్కువని నా అనుమానం. ఆవిడకు ఇంకో రెండు ప్రశ్నలు వేశాను. ఆవిడ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పారు. చివర, "నా మీద అనుమానమైతే నన్ను ఇంటికి పంపెయ్యండి. పిల్ల తేదీ మాత్రం తప్పించకండి," అన్నారు.

ఇంతసేపూ సిస్టర్ షాహిదా సైజర్లను డెటాల్ నీళ్లలో కడుగుతూ ఉంది. తుడుచుకున్న చేతులతో వచ్చి, "సార్, ఒక్కటి అడగొచ్చా?" అంది. అడగమన్నాను. "ఆ సంచులు మనం చూశామా?"

చూడలేదు. మొదటి రోజు అంకెలు చెప్పి పంపాను. రెండోసారి వచ్చినప్పుడు అంకె విన్నాను, రాయించుకున్నాను. సంచులు తెమ్మని గాని, ఎలా చేశారని గాని అడగలేదు. అంకె ఎవరిదో చూసుకోవడంలో పడి, అంకె దేనిదో చూసుకోలేదు.

శిరీష ఇంటి నుంచి ఆ రెండో జత పెట్టుకునే వచ్చింది. పరీక్ష కోసం తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. సిస్టర్ వాటిని తీసుకుని, థియేటరు నుంచి గీతలు ఉన్న కొత్త కొలత జాడీ తెచ్చింది. ముడి విప్పి బియ్యం పోసింది. జాడీని రెండుసార్లు బల్ల మీద నెమ్మదిగా తట్టి, కళ్లకు సమానంగా పట్టుకుంది. మూడు వందలకు కాస్త కింద. రెండోది పోసింది. సరిగ్గా మూడు వందల గీత మీద.

ఎవరు కొలిచారు ఇవి?

"నేనే," అన్నారు రాజ్యలక్ష్మమ్మగారు. "రెండు వందల యాభై అంటే సోల కదండీ. మా ఇంట్లో ఇత్తడి సోల ఉంది. తక్కిన రెండింటికీ ఒకదానికి కాస్త తీశాను, ఒకదానికి కాస్త కలిపాను."

నాలుగు సోలలు ఒక మానిక, మానిక దాదాపు లీటరు. సోల నిజంగానే రెండు వందల యాభైకి దగ్గర. ఇందులో తప్పు లేదు. తలకొట్టి కొలిచారా అని అడిగాను. పాత్ర నిండాక పైన గోపురంలా లేచిన గింజలను అరచేత్తో గాని కర్రతో గాని అంచుకు సమానంగా తుడిచెయ్యడాన్ని మా వైపు తలకొట్టడం అంటారు.

ఆవిడ నన్ను జాలిగా చూశారు. "తలకొట్టడమేంటండీ? అమ్ముకునే వడ్లా? ఇంటి పిల్లకి బియ్యం తలకొట్టి పోస్తారా ఎవరైనా?"

సిస్టర్ నవ్వు ఆపుకుంటూ కిటికీ వైపు తిరిగింది. శిరీష చేత్తో నోరు మూసుకుంది. గాదెలున్న ఇంట్లో పుట్టినవాణ్ణి. కూలివాళ్లకు కొలిచేటప్పుడు ఒక తీరు, ఆడపడుచుకు పోసేటప్పుడు ఒక తీరు అన్నది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా నాన్నమ్మ, గాదెలు ఖాళీ అయ్యాక కూడా, కోడళ్లకు సోల మీద గోపురం కట్టే పోసేది. ఆ మూడు అంకెలు ఒక అత్తగారి చేతికి వెళుతున్నప్పుడు ఇది నాకు తట్టి ఉండవలసింది. నాకు తట్టింది కుట్ర.

తీరిగ్గా ఆలోచిస్తే అసలు ప్రమాదం వేరే చోట ఉంది. శిరీష కోరిక మొదటి నుంచీ ఒక్కటే. రెండు రోజులు మోసి, సీమంతానికి వెళ్లి, బాగుందనుకున్న ఆ సైజు. ఆ సైజుకు ఆమెకు తెలిసిన అంకె తప్పు. ఆఖరి పరీక్షను నేను తంతుగా భావించి మానేసి ఉంటే, గురువారం ఆమె చేతిరాతలో ఉన్న రెండు వందల యాభైని పెట్టేవాణ్ణి. కండరం కింద అది ఇంకాస్త అణిగేది. ఆమె అసంతృప్తి చెంది వస్తే, ఇదిగో మీ సంతకం అని చూపించేవాణ్ణి. కాగితం అంతా సక్రమంగా ఉండేది.

జాబితాలో పేరు మళ్లీ ఎక్కించమన్నాను. అయితే సమస్య తీరలేదు. ఆమె మోసినది మూడు వందలు. మధ్యరకం ప్రొఫైల్‌లో మూడు వందలు ఆమె అడుగు వెడల్పును దాటుతుంది. ఆ వెడల్పులో ఇమిడే మూడు వందలు కావాలంటే ఎక్కువ ప్రొఫైల్‌దే పెట్టాలి. అంటే రమణమూర్తి దగ్గర ఉన్న ఆ జత. ఉన్నదున్నట్టు ఇద్దరి ముందూ చెప్పాను. ఎక్కువ ప్రొఫైల్ ముందుకు గుండ్రంగా లేస్తుంది, పలుచని చర్మం మీద బరువు ఎక్కువ, పదేళ్లకు జారే అవకాశం ఎక్కువ. రెండు వందల డెబ్భై ఐదు మధ్యరకం ఆమె కొలతలకు సరిగ్గా కూర్చుంటుంది, ఆమె మోసినదాని కన్నా కొంచెం తక్కువ. ఎంపిక ఆమెది. నేనైతే ఏది ఎంచుకుంటానని అడగవద్దన్నాను.

"ఇవాళ్టికి ఇంటికి వెళ్లి రేపు చెప్పొచ్చా అండీ?" అంది శిరీష. "ఈసారి సరిగ్గా కొలిచింది పెట్టుకుని చూస్తాను."

సిస్టర్ అక్కడే జాడీతో రెండు వందల డెబ్భై ఐదు కొలిచి రెండు సంచులు కట్టి ఇచ్చింది. రాజ్యలక్ష్మమ్మగారు మిగిలిన గుప్పెడు బియ్యం చూసి, "ఇవి ఏం చేస్తారు?" అన్నారు. సిస్టర్ ఆ బియ్యాన్ని పొట్లం కట్టి ఆవిడ సంచిలో వేసింది.

బుధవారం మధ్యాహ్నం వచ్చారు. ముందు రోజు సాయంత్రం ఊరి నుంచి పామర్రు వరకు బస్సులో పోయి వచ్చిందట. రాత్రి వంట చేసిందట, ఉదయం బిందెతో నీళ్లు మోసిందట. "మూడు వందలకీ దీనికీ బట్టల మీద నాకు తేడా తెలియలేదండీ. మొయ్యడంలో తెలిసింది. ఇదే ఉంచండి." పాత అంకెను ఒక గీతతో కొట్టి, పక్కన రెండు వందల డెబ్భై ఐదు రాసి, మళ్లీ సంతకం పెట్టింది. దిద్దుబాటుకు సాక్షిగా సిస్టర్ కూడా పెట్టింది.

ఆ జత ఆర్డరులో పక్క సైజుగా ముందే ఉంది. అయితే రమణమూర్తి స్వయంగా తెచ్చి ఇవ్వాలి. ఆయనను గడప తొక్కనివ్వొద్దని చెప్పింది నేను. నేనే ఫోన్ చేసి, గురువారం ఉదయం పైకి నా గదికే తెమ్మన్నాను. వచ్చాడు. క్షమాపణ అనే మాట మా ఇంట్లో సులువుగా వచ్చేది కాదు, ఆ రోజూ రాలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాను. నా గదిలో ఏ కంపెనీ ప్రతినిధీ అంతవరకు కూర్చోలేదు. ఆయన కూర్చుని, రెండు నిమిషాలకు, "మొన్న వరస కలిపిన పెద్దావిడ బాగున్నారా సార్?" అని అడిగాడు. థియేటరు బయట కూర్చున్నారని చెప్పాను.

ఆపరేషన్ గంటా ముప్పావు. రొమ్ము కింది మడతలో చిన్న కోత, కండరం కింద చోటు, ముందు స్టెరిలైజ్ చేసిన సైజరుతో ఒకసారి సరిచూసి, తరువాత అసలు ఇంప్లాంట్. పెట్టెల మీది సీరియల్ నంబరు చీటీలు కేస్ షీటులో అంటించి, నకలు కార్డు రోగికి ఇచ్చాం. ఆరో వారం చూసినప్పుడు గాయం మానింది, చెయ్యి పూర్తిగా లేస్తోంది. స్కూలు తెరిచిన రెండో రోజే వెళ్లిందట. బాగుందా అని అడిగితే బాగుందంది. రాజ్యలక్ష్మమ్మగారు ఆ రోజు రాలేదు, ఏదో నిశ్చితార్థం ఉందట. శిరీష కూడా సాయంత్రం అక్కడికే వెళ్లాలని తొందరగా లేచింది.

ఆ తరువాత నేను పనిచేసిన ఆరేళ్లూ బియ్యం సంచులు నా ఓపీలోనే తయారయ్యాయి. రోగి తన చేత్తో, గీతల జాడీలో, అంచుకు సమానంగా కొలిచి, సిస్టర్ ముందు ముడి వేయాలి. అంకె సంచి మీద రాయాలి, కేస్ షీటులోకి సంచిని చూసే ఎక్కించాలి. ఆఖరి సైజరు పరీక్షను తంతు అనడం మానేశాను.

అనుమానం వదులుకోలేదు. ఎదురుగా ఉన్నది ఎవరి మాటో ఇప్పటికీ చూస్తాను. దానికి ముందు ఒక ప్రశ్న చేర్చుకున్నాను: దేనితో కొలిచారు, ఎలా కొలిచారు. ఆ ప్రశ్న మంగళవారం ఉదయం మొదట అడిగి ఉంటే ముగ్గురు మనుషులను అనుమానించవలసిన అవసరం ఉండేది కాదు. నాతో పనిచేసిన జూనియర్లకు ఈ క్రమాన్నే నేర్పాను. కొలత తేలిన తరువాతే మనిషిని ప్రశ్నించాలి.